ఇంగువ రాలేదు

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. నాకు మాత్రం పొద్దుటి మాట చెవుల్లోంచి పోవడం లేదు. "అమ్మకు మతి పోతా ఉంది."

ఏమంత జరిగిందని? గాంధీరోడ్డు అంగడి నుంచి ఇంగువ డబ్బా రాలేదు. కందిబేడలు, ఉద్దిబేడలు, చెనిగ్గింజలు, ఆవాలు, చింతపండు, తెల్లగడ్డలు... 12 సామాన్లలో 11 వచ్చినాయి, అదీ చేతిలో చీటీ లేకుండా. ఆ ఒక్కదానికి ఈయన అంత మాట అనేసినాడు. చిన్నోడు కూడా "అవ్వా, రాసుకొని పోవచ్చు కదా" అని అందుకున్నాడు. అత్త సంచి కింద పెట్టి, ఊరికే లోపలికి పోయింది. రెండు మాటలు తిరిగి అనుంటే నాకింత బాధ ఉండేది కాదు.

చీటీ మీద నాకు ముందు నుంచీ కోపమే. కాగితం చూస్తూ ఒక్కొక్కటే అడిగితే పని కాగితానిది, మెదడుకు పనేముంది? మన అవధానులను చూడండి. మధ్యమధ్య మోగే గంటలు లెక్కపెడుతూ, అప్రస్తుతప్రసంగికి జవాబు చెబుతూ, చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెబుతారు. కష్టమంతా లోపలున్నదాన్ని బయటికి లాగడంలోనే ఉంది, పదును పెట్టేదీ అదే. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఇట్లాంటిదే. ఒక గుంపు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది. ఇంకో గుంపు చదివి పక్కన పెట్టి, గుర్తున్నంత రాసింది. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే గుర్తు తెచ్చుకొని రాసినవాళ్లు ముందున్నారు. అందుకే పరీక్ష ముందురోజు పిల్లోళ్లు నోటుపుస్తకం తిరగేసి "అంతా వచ్చేసింది" అంటే నేను నమ్మను.

ఇంతవరకు రాసినాక చిత్తూరు తాత గుర్తొచ్చినాడు. బెల్లం మండీలో గుమాస్తా. రాత్రి సంగటి తిని, చెయ్యి కడుక్కొని, గోడకు ఆనుకొని కళ్లు మూసుకొనేవాడు. ఎవరి బండి ముందొచ్చింది, నల్లబెల్లం ఎన్ని బస్తాలు, తెల్లది ఎన్ని, ఏ ధర పలికింది, ఎవరికి ఎంత బాకీ, అన్నీ పొద్దున నుంచి వరసగా చెప్పేవాడు. మధ్యలో ఎవరైనా మాట్లాడితే చెయ్యెత్తి ఆపి, పోయిన బండి దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఎక్కడైనా తట్టుకుంటే తొందరపడేవాడు కాదు. "ఆ బండికి ఎడమెద్దు కొమ్ము విరిగింది... ఆఁ, పాకాల ఆయన" అని ఎద్దును పట్టుకొని మనిషి దగ్గరికి, మనిషిని పట్టుకొని లెక్క దగ్గరికి పోయేవాడు. చిన్నప్పుడు మాకది కథలాగా ఉండేది. చివరి దాకా లెక్కకు తడుముకోలేదాయన.

అయితే ఇన్నాళ్లూ నేను సగమే గుర్తుపెట్టుకున్నాను. తాత అంతా చెప్పినాక జేబులోంచి దారం కట్టిన చీటీల కట్ట తీసేవాడు. ఒక్కొక్కటే విప్పి, తను చెప్పినదానితో పోల్చి, తేడా ఉంటే దిద్దుకొని, అప్పుడు చిట్టాలోకి ఎక్కించేవాడు. అంటే చీటీ ఆయనకూ ఉండింది. తీసే వేళ మాత్రం వేరు.

కాబట్టి పైన చీటీని తిట్టిందంతా వెనక్కి తీసుకుంటున్నాను. చిన్నోడు చెప్పిందీ తప్పేం కాదు. రాసుకోవాల్సిందే, కానీ జేబులో ఉండాలి. రాసేటప్పుడే గుంపులు కట్టాలి: బేడలు ఒకచోట, పోపు సామాన్లు ఒకచోట, సబ్బులు ఒకచోట. ఒక్కసారి చదివి మడిచేయాలి. అంగడిలో గుర్తున్నవన్నీ అడిగి తీసుకొని, డబ్బు కట్టే ముందు మాత్రమే విప్పాలి. మొదటి వారం ఆరేడు సామాన్లు చాలు. ఒకేసారి ఇరవై పెట్టుకుంటే సగం తప్పి, మనసు విరిగి మానేస్తారు. తట్టనిదాని కోసం ఒక నిమిషం వెతుక్కోవాలి, వెంటనే చూసేస్తే లాభం పోతుంది. గుంపులు కూడా నిలవకపోతే తెలిసిన దారికి తగిలించుకోవచ్చు. మన వీధి కొళాయి దగ్గర చింతపండు కారుతున్నట్టు, గోవిందరాజస్వామి గోపురం మీద తెల్లగడ్డలు వేలాడుతున్నట్టు అనుకుంటే, నడుస్తుంటే అవే కనబడతాయి.

ఇదంతా రేపు అత్తకు చెప్పాలని అనుకుంటూ ఉంటే ఇంకోటి తట్టింది. మిగతా పదకొండూ ముందురోజు రాత్రి వంటింట్లో ఎదురెదురుగా కూర్చొని అనుకున్నవి. ఇంగువ ఒక్కటి ఈయన పొద్దున హాల్లోంచి అరిచి చెప్పినాడు. అత్త స్టవ్ దగ్గర అటు తిరిగి ఉంది, కుక్కర్ విజిల్ వేస్తా ఉంది. "ఊఁ" అనింది. ఆ "ఊఁ" విన్నానన్నందుకు కాదు, గొంతు వినబడినందుకు.

మరిచిపోవాలంటే ముందు లోపలికి చేరాలి కదా. ఇంగువ చేరనే లేదు.

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నటి శబ్దాలు. స, శ, ఫ లాంటివి జారిపోతాయి, అచ్చులు నిలుస్తాయి. అందుకే మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏమన్నదీ తెలియదు. గట్టిగా అరిచినా ఆ అక్షరాలు తిరిగి రావు. ఎదురుగా, వెలుతురులో నిలబడి, కొంచెం నిదానంగా చెప్పాలి, కుక్కర్, టీవీ ఆగినాక. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినాను! టీవీ శబ్దం పెంచితే విసుక్కుంటారు, "ఏమి?" అంటే విసుక్కుంటారు, అడగడం మానేసి ఆమె "ఊఁ" అంటే మతి పోయిందంటారు. వినబడని మనిషి మాటలు తగ్గించుకుంటుంది, పేరంటాలకు పోవడం మానుతుంది. అరకొర శబ్దాన్ని అర్థం చేసుకోవడానికే మెదడు శక్తంతా పోతుంది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ మతిమరుపు జబ్బుకు (డిమెన్షియా) మనం మార్చుకోగల కారణాలు 14 అని లెక్క చెప్పింది. అన్నీ సరిచేస్తే సుమారు 45 శాతం కేసులను ఆపడమో, వెనక్కి నెట్టడమో సాధ్యమట. వాటిలో పెద్దవాటిలో ఒకటి చెవుడు. బీపీ, చక్కెర, చెడు కొలెస్ట్రాల్, ఒంటరితనం, కదలకుండా కూర్చోవడం కూడా ఆ వరసలోనే ఉన్నాయి. ఈయన ఏడాదికి ఒకసారి అలిపిరి మెట్లెక్కి కాళ్లకు నూనె రాసుకుంటాడు. వారానికి అయిదు రోజులు అరగంట, మాట్లాడగలిగి పాడలేనంత వేగంతో నడువు అంటే వినడు. ఆయన చెవులు బాగానే ఉన్నాయి.

అత్త చెవి మిషను సంక్రాంతి నుంచి సొరుగులోనే ఉంది. పెట్టుకున్న మొదటి రోజే పొద్దుటి నుంచి రాత్రి దాకా ఉంచుకోమన్నారు ఇంట్లోవాళ్లు, తప్పంతా అక్కడే. ఏళ్ల తరబడి వినని బోకుల చప్పుడు, ఫ్యాను రొద ఒక్కసారిగా మీద పడితే ఎవరైనా తీసేస్తారు. మొదట గంటో రెండు గంటలో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్క మనిషితో మాట్లాడుతూ మొదలుపెట్టి, వారాల మీద పెంచాలి. అయినా చెవిలో కీచుమంటే గుబిలి అడ్డముందేమో డాక్టరు చూడాలి. పిన్నీసు పెట్టి తోడకూడదు. మిషను వద్దన్నవాళ్లకు చెప్పడానికి ఒక సంగతి ఉంది. చెవి మిషన్ల మీద 2023లో వచ్చిన ఎచీవ్ అనే పరిశోధనలో అందరినీ కలిపి చూస్తే మిషనుతో తేడా తేలలేదు, ఆ మాట దాచను. కానీ ముప్పు ఎక్కువున్న గుంపులో మాత్రం మూడేళ్లలో మతి తగ్గడం 48 శాతం నెమ్మదించింది. అత్తకు బీపీ ఉంది, చక్కెర ఉంది. చక్కెరకిచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్లుగా మింగుతోంది కాబట్టి బీ12 విటమిన్ కూడా ఒకసారి చూపించాలి. అది తగ్గినా మరుపు వస్తుంది, మాత్రలతోనో సూదులతోనో సరిచేయవచ్చు.

సాయంత్రం చిన్నోడితో పులిజూదం ఆడింది. 3 పులులు వాడివి, 15 మేకలు అత్తవి. రెండు మేకలే పోగొట్టుకొని పులులన్నింటినీ కట్టేసింది.

ఇప్పుడే సొరుగు తీసి చూసినాను. మిషనులో బ్యాటరీ అట్లనే ఉండిపోయి అయిపోయింది. రాత్రిపూట దాని మూత తెరిచి పెట్టాలని కూడా ఎవరూ చెప్పినట్టు లేదు. 312 నంబరు, గోధుమరంగు స్టిక్కరుది కావాలి. స్టిక్కరు పీకినాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు వేయాలి. పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు ఎదురుగా కూర్చొని చెబుతాను. చీటీలో మొదట బ్యాటరీలు రాసినాను, కింద ఇంగువ.