శానిటోరియం స్టేషన్‌లో దిగాను

మా ఇంట్లో ఇప్పటికీ చెన్నై అనరు, మద్రాసే. మదనపల్లెలో తెల్లారకముందే బస్సెక్కి పుంగనూరు, పలమనేరు దాకా స్వెట్టరు వేసుకునే కూర్చున్నాను. మొగిలి ఘాట్ దిగడంతోనే గాలి మారింది. చిత్తూరులో స్వెట్టరు తీసి సంచిలో కుక్కాను. వాలాజా దాటేసరికి కొంగుతో విసురుకుంటున్నాను. ఇంకా ఫిబ్రవరే. కొండమీది ఊరివాళ్ళకు మద్రాసు ఎప్పుడూ ఇంతే, దిగేకొద్దీ ఊపిరి బరువవుతుంది.

ఒళ్ళో పోస్టరు చుట్టి పెట్టిన ప్లాస్టిక్ గొట్టం. కండక్టరు రెండుసార్లు "పైన పెట్టండి మేడమ్" అన్నాడు, పెట్టలేదు. ఫ్లెక్సు షాపులో 900 రూపాయలు పోసి వేయించింది. పైనుంచి ఎవరిదైనా సూట్‌కేసు జారి దానిమీద పడితే మళ్ళీ ఎక్కడ వేయించేది?

నేను ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. ఇరవై ఆరేళ్ళుగా టీబీ కళ్ళె పరీక్షలు చేస్తున్నాను. క్షయ మీద పరిశోధన చేసేవాళ్ళ సంఘం ఏటా జరుపుకునే సమావేశం ఈసారి మద్రాసులో అని మా డాక్టరమ్మే చెప్పింది, రాసి పంపమని వెంటపడిందీ ఆమే. ఆ పోస్టరు మీద రాసింది పెద్ద విషయమేం కాదు. పల్లెల నుంచి మా ల్యాబుకు వచ్చే డబ్బాల్లో చాలావాటిలో కళ్ళె ఉండదు, ఉమ్మి ఉంటుంది. అది రోగి తప్పు కాదు, డబ్బా చేతికిచ్చి "ఉమ్మి తీసుకురా" అని పంపేసిన మాది. నోరు పుక్కిలించి, రెండు మూడు సార్లు ఛాతీ నిండా గాలి పీల్చి, అడుగునుంచి దగ్గి తీయాలి. గదిలో కాదు, ఆరుబయట, నలుగురికీ దూరంగా. ఇది నిలబడి చూపించడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు లేక ఎంతమంది రోగం దొరక్కుండా ఇంటికి పోయారోనని నాకు రాత్రిళ్ళు నిద్రపట్టని రోజులున్నాయి.

ఎగ్మోరు స్టేషన్ ఎదుటి సందులో లాడ్జి. రాత్రికి 1,800, కుళాయిలో ఉప్పునీళ్ళు, తాగేందుకు బాటిలు కొనుక్కోవాలి. టెక్నీషియన్లకు రిజిస్ట్రేషన్ ఫీజు తగ్గించామన్నారు గానీ, తగ్గించాక కూడా అది నా పది రోజుల జీతం. మా ఆసుపత్రి ఒక్క రూపాయి ఇవ్వలేదు. సెలవు పెట్టుకుని, నా డబ్బుతో వచ్చాను. వచ్చినందుకు బాధలేదు. కానీ జిల్లాల్లో మైక్రోస్కోపు ముందు కూర్చునేవాళ్ళు ఇలాంటి చోట్లకు రాలేకపోతున్నారంటే కారణం ఇదే. హాల్లో నాలాంటి టెక్నీషియన్లు ఎంతమంది ఉన్నారా అని చూస్తే నలుగురైదుగురు కనిపించారు.

మొదటి రోజంతా ఏం జరిగిందో ఇప్పుడు అడిగితే చెప్పలేను. స్లైడు మీద స్లైడు. పోస్టరు ముందు మూడు గంటలు నిలబడ్డాను. కాళ్ళు పీకాయి. ఒడిశా నుంచి వచ్చిన ఒక నర్సు మాత్రం ఆగి, దగ్గే పద్ధతి చూపించే బొమ్మలను ఫోన్లో ఫొటో తీసుకుంది. అది చాలు అనిపించింది.

రెండో రోజు పొద్దున మందులకు లొంగని టీబీ గురించి ఒక కుర్ర డాక్టరు మాట్లాడాడు. ఒకప్పుడు పద్ధెనిమిది, ఇరవై నెలలు మింగాల్సిన మందులను ఇప్పుడు బీపాల్‌ఎమ్ అనే నాలుగు మందుల కోర్సుతో ఆరు నెలలకు తెచ్చారు. మన దేశం 2024లో దానికి ఒప్పుకుంది. మా దగ్గర ఆ పాత ఇంజెక్షన్లతో చెవులు పోగొట్టుకున్నవాళ్ళను చూసినదాన్ని గనక నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. అయితే ఆయన మొదలుపెట్టింది చరిత్ర స్లైడుతో. నలుపు తెలుపు ఫొటో, కింద "మద్రాసు, 1959". ఇంట్లో వైద్యం, శానిటోరియంలో, అంటే క్షయరోగులను నెలల తరబడి ఉంచే ఆసుపత్రిలో, వైద్యం రెండూ ఒకటేనని ఇక్కడే తేలింది అని ఒక్క వాక్యం చెప్పి బటన్ నొక్కేశాడు. పక్క కుర్చీలో ఆయన ఫోన్లో ఏదో చూసుకుంటున్నాడు. ముందు వరసలో ఎవరో ఆవలించారు.

నాకు గొంతు పట్టుకున్నట్టయింది. ఎందుకో చెప్పాలి.

మా అవ్వ, అంటే అమ్మవాళ్ళమ్మ, ఆరోగ్యవరంలో ఉండింది. మదనపల్లె పక్కనే, డేనిష్ డాక్టరు ఫ్రిమోట్ మొల్లర్ మొదలుపెట్టిన క్షయ శానిటోరియం అది. సముద్రానికి రెండు వేల అడుగుల పైన పొడిగాలి, చల్లదనం, పాలు, గుడ్లు, వరండాలో పడక. ఎక్కడెక్కడి నుంచో ఆ గాలి కోసమే వచ్చేవాళ్ళు. మా అవ్వకు ఆ గాలి సొంత ఊరి గాలే. అయినా ఏడాదిన్నర అక్కడే ఉంచారు. మా అమ్మకు అప్పుడు మూడేళ్ళు. ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో తల్లి ఉంది, కానీ దగ్గరికి పోనివ్వరు. ఆదివారాల్లో పెద్దమ్మ చంకనేసుకుని గేటు దాకా తీసుకుపోయేదట. దూరంగా చింతచెట్టు కింద తెల్లచీరలో ఒక మనిషి చెయ్యి ఊపేదట. అవ్వ నయమై ఇంటికొచ్చిన రోజు మా అమ్మ పెద్దమ్మ కొంగు పట్టుకుని వదల్లేదు. "ఈమె ఎవురు?" అనిందట. ఈ మాట మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెప్పదు.

అదే కాలానికి కొంచెం ఇవతల, 1956లో, మద్రాసులో టీబీ కీమోథెరపీ సెంటరు పెట్టారు. ఇప్పుడు చెట్‌పెట్‌లో ఉన్న జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే, పేర్లు మారాయంతే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి పెట్టింది. వాలెస్ ఫాక్స్ అనే డాక్టరు నడిపాడు. ఊరిలోని పేద రోగులు 193 మందిని తీసుకుని చీటీలేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానిటోరియానికి, రెండోది ఇంటికి. ఇద్దరికీ మందులు ఒకటే, ఐసోనియజిడ్, పాస్. ఇంటికి పోయినవాళ్ళవి ఇరుకు గదులు, చాలీచాలని తిండి, రోజూ పనికి పోకపోతే గడవని బతుకులు. శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఆ కుర్ర డాక్టరు స్లైడు మీదున్న 1959 ఫలితం ఇదే. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి. రోగిని ఇంట్లో పెట్టుకున్నందుకు ఇంట్లోవాళ్ళకు అదనంగా రోగం అంటుకోలేదు. మందు మొదలుపెట్టాక పిల్లలను తల్లి నుంచి విడదీయాల్సిన పనే లేదు.

ఆ పాస్ మందు గురించి పాత టెక్నీషియన్లు చెప్పగా విన్నాను. రోజుకు గ్రాముల లెక్కన మింగాలి, పెద్ద పెద్ద బిళ్ళలు, చేదు, కడుపులో తిప్పుతుంది. మింగారా లేదా అని సెంటరువాళ్ళు చెప్పకుండా ఇళ్ళకు పోయి బిళ్ళలు లెక్కపెట్టేవాళ్ళు, మూత్రం పరీక్ష చేసేవాళ్ళు. ఆకలి కడుపుతో, తలుపు తట్టి ఎవరొస్తారో తెలియని ఇళ్ళల్లో, ఆ చేదును ఏడాది పాటు మింగినవాళ్ళ వల్ల ప్రపంచంలో శానిటోరియాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. పది సెకన్ల స్లైడు మాత్రం ఉంది.

మధ్యాహ్నం రేషన్స్ అధ్యయనం మీద ప్రసంగం ఉంటే అది మాత్రం కదలకుండా విన్నాను. ఝార్ఖండ్‌లో చేసింది, 2023లో వచ్చింది. రోగి ఇంట్లో ఉన్న మిగతావాళ్ళకు నెలకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ బిళ్ళలు ఇస్తే వాళ్ళకు టీబీ రావడం 39 శాతం తగ్గింది. బియ్యం, పప్పు! ఇప్పుడు రోగికి నెలకు వెయ్యి రూపాయలు ఇస్తున్నారు, 2024 నవంబరు దాకా 500 ఉండేది. కందిపప్పు ధర తెలిసిన ఎవరికైనా ఆ వెయ్యి ఎన్నాళ్ళొస్తుందో తెలుసు, అదీ ఇల్లంతా పంచుకుంటే.

సాయంత్రం విందు ఉందన్నారు. నేను పోలేదు. గిండీలో లోకల్ ట్రైన్ ఎక్కాను, ఎగ్మోరు వైపు కాదు, తాంబరం వైపు. పది రూపాయలు కూడా దాటని టిక్కెట్. ఆ దారిలో ఒక స్టేషన్ పేరే శానిటోరియం. 1928లో డాక్టర్ చౌరీ ముత్తు అక్కడ క్షయ శానిటోరియం కట్టించాడు, తర్వాత ప్రభుత్వం తీసుకుంది. చదివి ఉన్నాను గానీ ఎప్పుడూ దిగలేదు.

ఆడవాళ్ళ పెట్టెలో పూలబుట్టతో ఒక పెద్దావిడ నా కాళ్ళ దగ్గరే కూర్చుంది. మల్లెలు కడుతూనే ఉంది. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య అరటినార, రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, ఒక మెలిక. చేతివైపు చూడనే చూడదు. ఫోన్లో మా ఆయనతో మాట్లాడటం విని తల ఎత్తింది.

"తెలుగోళ్ళామ్మా? ఏ ఊరు?"

"మదనపల్లె పెద్దమ్మా."

"మాది చిత్తూరు పక్కన. నేను పుట్టిందీ పెరిగిందీ ఈడనే. ఏడ దిగేది?"

"శానిటోరియం."

"నేనూ ఆడనే. మీ వాళ్ళున్నారా?"

ఆమె అడిగింది చుట్టాల గురించని అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. లేరన్నాను. మళ్ళీ నేనే అడిగాను, ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసా అని. ఆమె మెలిక వేస్తూనే, "పేరుకేముందమ్మా, క్రోంపేట మాదిరి అదీ ఒక ఊరే కదా" అంది. నలభై ఏళ్ళుగా అక్కడ కాపురమట. ఆస్పత్రి ఉందని తెలుసు, దగ్గొస్తే పోతారని తెలుసు. ఆ మాటకు అర్థం ఉందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఆ మాట వింటే మా అమ్మ ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకుంటుంది. ఈమెకు అది పూలు అమ్ముకునే చోటు.

ఒక మూర 40 చెప్పింది. మా ఊళ్ళో 20కి వస్తుంది. బేరం ఆడబుద్ధి కాలేదు, రెండు మూరలు తీసుకున్నాను.

దిగాక ఆస్పత్రి గేటు దాకా నడిచాను. చీకటి పడుతోంది. టిఫిన్ క్యారియర్లతో లోపలికి పోయేవాళ్ళు, బయటికొచ్చి సోడా తాగేవాళ్ళు. గేటు పక్కన ఒకతను నాలుగేళ్ళ పిల్లను భుజాన ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. పిల్ల బిస్కెట్ తింటోంది. లోపల్నుంచి ఎవరో రావాలి కాబోలు, అతను మాటిమాటికీ అటే చూస్తున్నాడు. నేను కాసేపు అక్కడే నిలబడి, ఆ వచ్చే మనిషిని చూడకుండానే వెనక్కి తిరిగాను. లాడ్జికి దూరం, రేపు పొద్దున్నే బస్సు.

ప్లాట్‌ఫారం మీద నుంచి అమ్మకు ఫోన్ చేశాను. ఎక్కడున్నానో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

"గేటు ఉందా ఆడ?"

"ఉందమ్మా. ఒకతను బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉన్నాడు."

"బిడ్డను లోపలికి పోనిస్తారా?"

"తెలీదమ్మా, అడగలేదు."

"అడిగి రావాల్సింది," అనింది.

ఎగ్మోరు మీదుగా బీచ్ స్టేషన్‌కు పోయే బండి వస్తోంది. గొట్టం చంకలో పెట్టుకుని స్టేషన్ మెట్లెక్కి మళ్ళీ గేటు వైపు నడిచాను.