మావాడి ఎత్తు, వాడి రక్తం రిపోర్టులు

మావాడికి పుట్టుకతోనే మూత్రం దారికి అడ్డంగా పొరలు ఉన్నాయి. మగపిల్లల్లోనే వచ్చే సమస్య ఇది. పసితనంలోనే ఆపరేషన్ చేసి తీసేశారు కానీ, అప్పటికే కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి. ఏడేళ్లు నిండేసరికి ఎత్తు 108 సెంటీమీటర్లు. "మీ మామయ్య కూడా పదో తరగతి దాకా ఇంతే ఉండేవారమ్మా, తర్వాత ఒక్కసారిగా సాగారు" అని మా అత్తయ్య ధైర్యం చెప్పేవారు.

ఖమ్మంలో ఒక ల్యాబ్ ఇచ్చిన రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.1, పక్కన నార్మల్ 0.6 నుంచి 1.2 అని ఉంది. హైదరాబాద్‌లో పిల్లల కిడ్నీ డాక్టర్ గారు ఆ నార్మల్ మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, "ఇది పెద్దవాళ్ల లెక్కమ్మా" అన్నారు. ఎత్తును 0.413తో హెచ్చవేసి క్రియాటినిన్‌తో భాగిస్తే కిడ్నీ వడకట్టే వేగం 40.5 అని వచ్చింది. కిడ్నీ జబ్బు మూడో దశ. అదే కాగితంలో ఎముకల నుంచి కూడా వచ్చే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పక్కన మాత్రం 'హై' అని లావు అక్షరాల్లో ఉంది. ఎముకలు ఎదిగే వయసులో అది పెద్దవాళ్లకంటే ఎక్కువే ఉంటుందట, ఎముకల నుంచి కాల్షియం లాగే పీటీహెచ్ అనే హార్మోన్‌తో కలిపి చూస్తేనే అర్థమవుతుందట. టెన్షన్ పడాల్సిన చోట గుర్తే లేదు, అక్కర్లేని చోట ఉంది!

అసలు సంగతి రక్తంలో ఆమ్లాన్ని అదుపులో ఉంచే బైకార్బొనేట్‌లో దొరికింది. 17 ఉంది, కనీసం 22 ఉండాలి. రక్తం తీశాక ట్యూబు మూత తెరిచి ఉంచినా, పరీక్ష ఆలస్యమైనా ఈ అంకె పడిపోతుందని డాక్టర్ గారు మళ్లీ హైదరాబాద్‌లోనే తీయించారు. మళ్లీ 17 దగ్గరే. రక్తంలో ఆమ్లం పేరుకుంటే ఎముక కరుగుతుంది, గ్రోత్ హార్మోన్ పని కూడా మందగిస్తుంది అని చెప్పారు. మందు సోడియం బైకార్బొనేట్ మాత్రలు. వంటింట్లో ఉండే తినే సోడాయే అది! ధర చూసి మావారు నమ్మలేదు.

పీటీహెచ్ కూడా ఎక్కువే ఉంది, విటమిన్ డి తక్కువ. కాల్షియం మాత్ర అన్నంతో పాటే పడాలి. అప్పుడే, దెబ్బతిన్న కిడ్నీ సరిగా పంపలేని ఫాస్ఫేట్‌ను తిండిలోనే పట్టి బయటికి పంపుతుంది. అందుకే స్కూలు టిఫిన్ డబ్బా మూతకు మాత్ర పొట్లం టేపుతో అంటించి పంపిస్తాను. రెండో ముద్దకి వేసుకోవాలని వాడికీ, వాళ్ల మిస్‌కీ చెప్పాను. ఫాస్ఫేట్ ఉంటుందని కోలా డ్రింకులు, చీజ్ ముక్కలు బంద్.

గ్రోత్ హార్మోన్ ఎంతుందో టెస్ట్ చేయించమని చుట్టాల్లో ఒకాయన పట్టుబట్టారు. డాక్టర్ గారు వద్దన్నారు. ఈ పిల్లల్లో హార్మోన్‌కు సాధారణంగా కొరత ఉండదట, ఒళ్లే దాని మాట సరిగా వినదట. పిలుస్తూనే ఉంటుంది, తలుపు తీసేవాళ్లే లేరు. దాని మాట మీద ముఖ్యంగా లివర్‌లో తయారై ఎముకల్ని ఎదిగించే ఐజీఎఫ్-1 అనే పదార్థం మావాడికి వయసు లెక్కన నార్మల్ గీతకు కాస్త పైనే ఉంది. నేను సంబరపడబోయాను. కిడ్నీ సరిగా వడకట్టకపోతే దాన్ని కట్టిపడేసే ప్రోటీన్లు రక్తంలో పేరుకుంటాయి, కాబట్టి ఉన్నదంతా పనిచేస్తోందని అనుకోకండి అన్నారు. ఆ అంకె కన్నా గోడకు నిలబెట్టి తీసే కొలతే ఆయనకు ముఖ్యం. నాకూ ఇప్పుడు అదే నమ్మకం.

అంతకు ముందు ఏడాది మొత్తంలో మూడున్నర సెంటీమీటర్లే ఎదిగాడు. బైకార్బొనేట్ 23కి వచ్చాక ఆరు నెలల్లో రెండున్నర. వాడి వయసు పిల్లల మామూలు వేగమే ఇది, వెనకబడ్డ ఎత్తు మాత్రం అలాగే ఉంది. వచ్చే చెకప్ నాటికీ వయసుకు తగ్గ ఎత్తుల చార్టులో కింది గీత దాటకపోతే రోజూ రాత్రి హార్మోన్ ఇంజక్షన్ మొదలుపెడదామన్నారు. దానికి ముందుగా మణికట్టు ఎక్స్‌రే, థైరాయిడ్, షుగర్, కంటి పరీక్ష రాసిచ్చారు. కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికింది, మిగతావి దసరా సెలవుల్లో చేయిస్తాం.