బండి మీది చైనా, కొర్రల చైనా

మా పాలమూర్ల పొద్దుగూకిందంటే క్లాక్ టవర్ దిక్కు చైనీస్ బండ్ల కాడ నిలవడ జాగ ఉండది. ఎగిసే మంట మీద కడాయి ఎగరేసుకుంట క్యాబేజీ, సోయా సాస్, ఇంత టేస్టింగ్ సాల్టు, ఆఖరికి మీద ఉల్లిగడ్డ ముక్కలు. నాకూ ఇష్టమే, వంక వెడ్తలేను. కానీ దాంట్ల చైనా ఎంతుందంటే ఆ సోయా సాసంత. మంచూరియా అంటే చైనాల ఈశాన్యం మూలకున్న ప్రాంతం, ఆడికి పోయి గోబీ మంచూరియా అడిగితే ఎవ్వలకు సమజ్ గాదు, ఎందుకంటే అది మన దేశంల పుట్టిన వంట, కలకత్తాల పుట్టిన నెల్సన్ వాంగ్ అనే చైనా మూలాలున్న వంటాయన 1970లల్ల ముంబైల చికెన్ మంచూరియా మొదలువెట్టిండని చెప్తరు.

మా చిన్నాయన కొడుకు ఉత్తర చైనాల ఎంబీబీఎస్ చదువుతుండు. పోయిన కొత్తల ఫోన్ జేసి "అక్కా, పొద్దుగాల మెస్సుల ఏం వెడ్తున్నరో చెప్తే నవ్వుతవ్, కొర్ర జావనే" అన్నడు. పచ్చగ, పల్చగ ఉంటదట, ఉప్పు గూడ ఎయ్యరట, పక్కకు ఉప్పుల ఊరవెట్టిన కూరగాయ ముక్కలు, ఆవిరి మీద ఉడికిచ్చిన తెల్లటి బన్ను. మనం షుగరొచ్చి డాక్టర్ చెప్తే కొర్రలు మళ్ల మొదలువెట్టినం గని, ఆళ్లు దాదాపు 8000 ఏండ్ల కిందనే పండిచ్చిండ్రు.

చైనాల చింగ్‌హై అనే రాష్ట్రం దిక్కు లాజియా అనే ఊరి తవ్వకాలల్ల బోర్లవడ్డ గిన్నె కింద 4000 ఏండ్ల నాటి నూడుల్స్ దొరికినయి. భూకంపం, హ్వాంగ్‌హో నది వరద, ఊరంత మట్టిల కూరుకపోయింది, ఆ గిన్నె కిందియి మాత్రం సన్నగ, పచ్చగ, 50 సెంటీమీటర్ల పొడువు, అట్లనే ఉన్నయి. కొర్రలు, వరిగల పిండితోని చేసినయని 2005ల చెప్పిండ్రు. జిగట లేని పిండిని అంత పొడువు తీగలెట్ల తీసిండ్రని కొందరు సైంటిస్టులు ఒప్పుకోలే. జొన్నరొట్టె కొట్టేటోళ్లకు ఆ డౌటు మంచిగనే అర్థమైతది.

బాలింత సంగతి వింటే ఇంకా మనోళ్లే అనిపిస్తది. నెలరోజులు గడప దాటనియ్యరు, చల్లనీళ్లు ముట్టనియ్యరు, ఉత్తరం దిక్కైతే కొర్ర జావల ఎర్ర చక్కెర కలిపి, కోడిగుడ్డు తోడువెట్టి తాపిస్తరు. మా నాయనమ్మకు చెప్తే గుడ్డు తప్ప అన్నిటికి తలకాయ ఊపింది.

తినే కాడ ఒక్కటి యాదికుంచుకోవాలె, చాప్‌స్టిక్స్ అన్నంల నిలువుగ గుచ్చొద్దు, సచ్చినోళ్లకు అగరొత్తులు పెట్టినట్టుంటదని ఆళ్లు మస్తు ఫీలైతరు. పెద్దోళ్లు ముట్టినంకనే మిగిలినోళ్లు తినాలె.

ఇగ జొన్నలతోని రొట్టె మనది. ఉత్తర చైనాల షాన్షీ రాష్ట్రంల జొన్నలతోని నల్లటి వెనిగర్ చేసి నూడుల్స్‌ల మస్తుగ పోసుకుంటరు. చైనాలనే గుయ్‌జౌ రాష్ట్రంల జొన్నలు, గోధుమలతోని మౌతాయ్ అనే సారా తీస్తరు, 1972ల అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్ చైనాకు వచ్చినప్పుడు విందుల పోసింది అదే. తమ్ముడు ఈసారి సెలవులకొస్తే వెనిగర్ సీసా తెమ్మన్న. మా చిన్నాయన రెండోది తెమ్మన్నడు.