ఆరా, ఏడా?

అశ్విని, భరణి, కృత్తిక అంటూ ఇరవై ఏడు నక్షత్రాలూ చిన్నప్పుడు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని. వాటిలో ఒక్కటైనా ఆకాశంలో ఎక్కడుంటుందో ఎవరూ చూపించలేదు, నేనూ అడగలేదు. పరాయి దేశంలో పుట్టిన మా తొమ్మిదేళ్ల పాపది సరిగ్గా తిరగేసిన కథ: చుక్కలు తెలుసు, మన పేర్లు తెలీవు.

ఈ చుక్కలు చూసే పిచ్చి నా తప్పుతోనే మొదలైంది. పెట్టె మీద ‘525 రెట్లు’ అని చూసి మురిసిపోయి ఒక చవక టెలిస్కోపు కొన్నాను. ముందు అద్దం వెడల్పు చూస్తే 60 మిల్లీమీటర్లు. మిల్లీమీటరుకు రెండు రెట్లు అని ఒక మోటు లెక్క ఉంది, అంటే 120 దాటాక మిగిలేది మసకే. స్టాండు మరీ అన్యాయం, పాప ఊపిరి వదిలినా చంద్రుడు పక్కకి జారిపోయేవాడు. మూడు రాత్రులకే అది గరాజు చేరింది.

తర్వాత అరువు తెచ్చుకున్నది 10×50 బైనాక్యులర్. పది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దాల వెడల్పు 50 మిల్లీమీటర్లు. కొత్తవాళ్లు ఎవరడిగినా ఇదే చెప్తాను. ఇంట్లో పాతది ఉంటే అసలేమీ కొనక్కర్లేదు. పగలు మాత్రం అది పెట్టెలోనే ఉండాలి, సూర్యుడి వైపు తిప్పితే చూపే పోతుంది. చేతులు వణక్కుండా పడక కుర్చీలో వాలి మోచేతులు ఛాతీకి ఆనించుకుంటాం. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, అంతసేపూ ఫోను ముట్టుకోకూడదు. ఈ నియమం పాప కన్నా నాకే కష్టం. కానీ వేరే పని లేక మేమిద్దరం నిజంగా తెలుగులో కబుర్లాడుకునేది ఆ అరగంటే.

“అదిగో, సెవెన్ సిస్టర్స్!” అంది పాప ఒకరాత్రి, ఒక చుక్కల గుంపుని చూపించి.

“కృత్తికలు. కుమారస్వామికి పాలిచ్చి పెంచిన తల్లులు. ఆరుగురే.”

“కాదమ్మా, ఏడు.”

ఒట్టి కళ్లతో లెక్కపెడితే ఇద్దరికీ ఆరే వచ్చాయి. నేను సంబరపడేలోపే అది బైనాక్యులర్ లాక్కుంది. పది, పదిహేను... ఇరవై దాటాక లెక్క తప్పింది. 1610లో గెలీలియో తన టెలిస్కోపుతో అక్కడే ముప్పైకి పైగా చుక్కలు గుర్తించాడు. మా అమ్మమ్మ వాటిని పిల్లలకోడి అనేదని చెప్పాను. పాపకి ఆ పేరే నచ్చింది. కోడికి ఎన్ని పిల్లలైనా ఉండొచ్చట, ఇక పేచీ లేదట.

మరోసారి చంద్రుడు పిల్లలకోడి పక్కనే ఉన్నాడు. మర్నాటికి రోహిణి వైపు జరిగిపోయాడు. చెయ్యి చాపి పిడికిలి పట్టి చూస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. పాప ఒక పిడికిలి, పైన ఇంకాస్త అని కొలిచింది. రోజుకి పదమూడు డిగ్రీల చొప్పున చంద్రుడు ఆకాశం చుట్టూ తిరిగి రావడానికి 27 రోజుల పైచిలుకు, అంటే రోజుకో నక్షత్రం. నా నోటికొచ్చిన జాబితాలో ఇరవై ఏడే ఎందుకున్నాయో అప్పుడు నాకు తెలిసింది.

పాప క్యాలెండర్‌లో ఇరవై ఏడో రోజుకి సున్నా చుట్టి, పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ‘పిల్లలకోడి’ అని రాసుకుంది. తీరా ఆ రోజు రాత్రి మబ్బు పట్టింది.