మురికి కాదు, గాలి

పడుకుందామని దీపం ఆర్పేశాను కానీ మా మరిది మాట చెవిలోంచి పోవట్లేదు. సాయంత్రం టీ కప్పు పట్టుకుని మా సముద్రపు చేపల ట్యాంకు ముందు నిలబడి, "ఏంటి వదినా, నీళ్ళు ఇంత మురికిగా ఉన్నాయి, చేపలు బతుకుతాయా?" అన్నాడు. మా వారు పక్కనే ఉన్నారు. ఒక్క మాట అనలేదు. ఆయన మౌనం మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

అది మురికి కాదు. నీళ్ళలో పేరుకునే వ్యర్థం, నైట్రేట్, నిన్ననే చూశాను, బాగానే ఉంది. ఉప్పునీళ్ళ సాంద్రత 1.025 దగ్గర నిలకడగా ఉంది. మరిదికి దుమ్ములా కనిపించినవి గాలి బుడగలు, మైక్రో బబుల్స్. లైటు పక్కనుంచి పడితే ప్రతి బుడగా మెరుస్తుంది, దాంతో నీళ్ళన్నీ మసకబారినట్టు ఉంటాయి. చేత్తో పట్టలేం, వడకట్టలేం. పాత మంచినీళ్ళ ట్యాంకులో ఈ గొడవే లేదు. మంచినీళ్ళలో బుడగలు ఒకదానికొకటి తగలగానే కలిసిపోయి, పెద్దవై, పైకొచ్చి పగిలిపోతాయి. ఉప్పునీళ్ళలో అంత తేలిగ్గా కలవవు. చిన్నవి చిన్నవిగానే ఉండిపోతాయి, ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు పోతాయి.

షాపు వాళ్ళకి ఫోన్ చేస్తే, "ఇంకో స్పాంజి పెట్టండి మేడమ్, ఆగిపోతాయి" అన్నారు. స్పాంజి పెడితే కొంత ఆగుతాయి, నిజమే. కానీ దాన్ని రెండు మూడు రోజులకోసారి కడగాలి. కడగకపోతే తిండి ముక్కలు, చేపల రెట్ట అందులోనే కుళ్ళి నైట్రేట్ పెరుగుతుంది. బుడగలు పోవడానికి నిజంగా మురికి తెచ్చుకోవాలా? పైగా ఇంత పెద్ద పంపు అంటగట్టింది కూడా వాళ్ళే. "గంటకి మూడు వేల లీటర్లు మేడమ్, నీళ్ళు అద్దంలా ఉంటాయి" అన్నారు. బిగించడానికి వచ్చిన కుర్రాడు, ట్యాంకు నీళ్ళని కింద ఉన్న సంప్‌లోకి, అంటే వడపోత తొట్టిలోకి దింపే ఓవర్‌ఫ్లో పైపు వాల్వు పూర్తిగా తెరిచి వదిలేసి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. దాన్ని ఎంత తెరవాలో, ఎందుకు తెరవాలో ఒక్క ముక్క చెప్పలేదు. డబ్బు తీసుకునేటప్పుడు ఉండే ఓపిక చెప్పేటప్పుడు ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

భోజనాలయ్యాక కింద క్యాబినెట్ తలుపు తీసి కూర్చున్నాను. ముందు స్కిమ్మర్, అంటే బుడగలతో మలినాలు తీసే పరికరం, ఆపేశాను. కొత్త స్కిమ్మర్ అయితే మొదటి వారాల్లో బుడగలు కక్కుతుంది, అందరూ ముందు దాన్నే అనుమానిస్తారు. గంట ఆగి చూస్తే పైన బుడగలు అలాగే ఉన్నాయి. పాపం, దాని తప్పేం లేదు. తర్వాత సంప్‌లో, నీళ్ళని మళ్ళీ ట్యాంకులోకి పంపే రిటర్న్ పంపు ఉన్న గదిలో నీటి మట్టం చూశాను. ఈ ఎండలకి నీళ్ళు రోజూ ఆవిరవుతాయి, ఆ తగ్గుదల ట్యాంకులో కనపడదు, సంప్‌లో ఈ చివరి గదిలోనే కనపడుతుంది. మట్టం బాగా దిగితే పంపు సుడి తిప్పి పైనుంచి గాలి లాగేస్తుంది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఉప్పు కలపని ఆర్వో నీళ్ళే పోయాలి. రెండు మగ్గులు పోశాను. కొంచెం తగ్గాయి, అంతే.

అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశాను. గంటకి 3000 లీటర్లంటే సెకనుకి దాదాపు 830 మిల్లీలీటర్లు. బుడగల్ని ఆపడానికి సంప్‌లో అడ్డంగా పెట్టిన అద్దాల మధ్య సందు రెండున్నర సెంటీమీటర్లు, వెడల్పు 30. ఆ సందులో నీళ్ళు సెకనుకి 11 సెంటీమీటర్ల వేగంతో కిందికి దిగుతున్నాయి. మిల్లీమీటరులో పదో వంతు ఉన్న బుడగ నిలకడ నీళ్ళలో పైకి లేచేది సెకనుకి సుమారు అర సెంటీమీటరు. బుడగ సైజు సగమైతే ఆ వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. ఇక ఆ అద్దాలు దాన్ని ఎక్కడ ఆపుతాయి? కంటికి బాగా కనిపించే పెద్ద బుడగల్నే ఆపుతాయి. మనల్ని ఏడిపించేవి దర్జాగా దాటిపోతాయి. పంపు సగానికి తగ్గించినా లెక్క కుదరదు. పుట్టాక పట్టుకోవడం కాదు, పుట్టకుండా చూడాలి.

ఇక్కడి దాకా రాసి ఆగాను. గాలి వద్దని ఇంత కసిగా రాస్తున్న నేను ఎక్కడ పుట్టానో గుర్తొచ్చింది.

ఉప్పుటేరు పక్కన మా చెరువులు. టైగర్ రొయ్య దెబ్బతిన్నాక నాన్న చాలా కాలం చెరువు జోలికి పోలేదు. 2009లో వనామీ రొయ్య సాగుకి దేశంలో అనుమతి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టారు. కరెంటు కోతలు విపరీతంగా ఉన్న 2012 వేసవి అది. సెలవులకి వెళ్ళి గట్టు మీద షెడ్డులో పడుకున్నాను. రాత్రంతా ఏరియేటర్లు నీళ్ళని కొడుతూనే ఉంటాయి. ఆ చప్పుడులో ఎవరికైనా నిద్రపడుతుంది, చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది. తెల్లవారుజామున ఆగింది. నాన్న నా కంటే ముందే లేచి టార్చి పట్టుకుని గట్టు మీద నడుస్తున్నారు. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని పీల్చేస్తుంది, అందుకే తెల్లారే ముందు డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అట్టడుక్కి పడుతుంది. జనరేటర్ స్టార్ట్ కాలేదు. టార్చి వెలుగులో రొయ్యలు గట్టు వారకి వచ్చేసి కనపడ్డాయి. నాన్న గొంతు మారిపోయింది. "అమ్మాయ్, ఆ డీజిల్ డబ్బా తే!" పనివాళ్ళు ఇంజిన్ పెట్టి చెరువు నీళ్ళే తోడి మళ్ళీ చెరువులోకే ఎత్తునుంచి చిమ్మించారు. ఆ నురగ చూస్తూ నాన్న గట్టు మీద కూలబడిపోయారు. ఆ పూట నీళ్ళలో బుడగ కంటే విలువైనది మాకు ఏదీ లేదు. జనరేటర్ అందుకుని ఏరియేటర్ రెక్కలు తిరిగాక, ఎవరూ మాట్లాడకుండా టీ తాగాం. ఎంత పోయిందో నాన్న చెప్పలేదు, నేను అడగలేదు. రొయ్యల స్థితి చూడడానికి నీళ్ళలో ఉంచే చెక్ ట్రేలు ఎత్తి చూసేటప్పుడు ఆయన ముఖం చూడడానికే భయమేసింది.

అది తలుచుకుంటే పోనీలే, నాలుగు బుడగలకి ఇంత రాద్ధాంతమా అనిపించింది. పైగా స్కిమ్మర్ పనిచేసేది కూడా ఈ కలవని గుణం వల్లే కదా. చిన్న బుడగలు ఎక్కువసేపు నిలవబట్టే వాటి ఒంటికి మలినాలు అంటుకుని నురగై పైకొస్తాయి. మంచినీళ్ళ ట్యాంకులో ఆ స్కిమ్మర్ దండగ. మరిది మీద కోపం కూడా అన్యాయమేమో, కనిపించిందే అన్నాడు.

కానీ లేచి వెళ్ళి చూశాను. రిటర్న్ నాజిల్‌కి ఎదురుగా ఉన్న జోవాంథస్ అనే పగడపు గుత్తి ముడుచుకునే ఉంది. ఎడమ వైపు ఉన్నవి పగలంతా విచ్చుకున్నాయి, ఇది మాత్రం బుడగలు తగిలిన చోటల్లా మూసుకుపోయింది. చేపలకి ఏమీ కాలేదు, క్లౌన్ చేపల జంట హాయిగానే ఉన్నాయి. పగడాలు పక్కకి జరగలేవు కదా. చెరువుకి గాలి కావాలి, నిజమే. ఈ ట్యాంకుకి కావలసిన ఆక్సిజన్ నీటి పైపొర కదలిక నుంచీ స్కిమ్మర్ నుంచీ వస్తోంది. ఈ బుడగలు దానికి అదనంగా చేసే మేలేం లేదు. పైకొచ్చి పగిలి లైటు మీద ఉప్పు చిమ్మడం తప్ప.

అందుకని పంపు వేగం సగానికి తగ్గించాను. లోపల అలల కోసం వేవ్‌మేకర్ ఉంది, సంప్ గుండా అన్ని నీళ్ళు పరిగెత్తాల్సిన పని లేదు. తగ్గించగానే ఓవర్‌ఫ్లో గుడగుడలాడటం ఎక్కువైంది, బుడగలూ పెరిగాయి. పైపు తాగగలిగినన్ని నీళ్ళు రాకపోతే అది గాలి కూడా మింగుతుంది. కుర్రాడు బార్లా తెరిచిన ఆ గేట్ వాల్వు కొద్దికొద్దిగా మూస్తూ వచ్చాను. ఒక చోట గుడగుడ పూర్తిగా ఆగింది. పైపు మూతి పైన నీళ్ళు నిలబడ్డాయి, ఇక గాలి దూరే దారి లేదు. మా వారు గదిలోంచి "పంపు ఆగిపోయిందా?" అని అరిచారు. అంత సేపటికి ఈ ఇంట్లో ట్యాంకు గురించి ఒక ప్రశ్న వచ్చింది!

రెండో పైపు, అదే ఎమర్జెన్సీది, ఖాళీగా ఉందో లేదో పొద్దున్నే చూడాలి. వాల్వులో నత్త గానీ నాచు గానీ ఇరుక్కుంటే నీళ్ళు పోవాల్సింది దాని గుండానే, అది మూసుకుని ఉంటే హాలంతా ఉప్పునీళ్ళే. అద్దాల సందు కూడా కొంచెం వెడల్పు చేయించాలి. ఈసారి ఆ షాపు వాళ్ళతో మాత్రం కాదు.