చేంబర్లేన్: కొండ మీది ఒక పూట, అగస్టాలో పన్నెండు రోజులు

జాషువా చేంబర్లేన్ పేరెత్తగానే, అమెరికా అంతర్యుద్ధం గురించి కాస్తో కూస్తో చదివినవారికి గెటిస్‌బర్గ్ యుద్ధరంగంలోని లిటిల్ రౌండ్ టాప్ అనే రాతి కొండ గుర్తుకు వస్తుంది. తూటాలు అడుగంటిన సిపాయిల చేత తుపాకుల మొనలకు బయొనెట్లు అనే కత్తులు బిగింపజేసి, వారిని కొండవాలున శత్రువు మీదికి ఉరికించిన ఉత్తరాది సేన కల్నల్ ఆయన. ఆ ఘనతను నేను కాదనను. అయితే ఆయన గురించి చదివినకొద్దీ, 1880 జనవరిలో మేన్ రాష్ట్ర రాజధాని అగస్టాలో ఆయన గడిపిన పన్నెండు రోజులే నన్ను ఎక్కువగా పట్టి నిలుపుతున్నాయి.

1828 సెప్టెంబరు 8న మేన్ రాష్ట్రంలోని బ్రూవర్‌లో పుట్టిన చేంబర్లేన్‌కు చిన్నతనంలో నత్తి ఉండేది. ప, బ, ట వంటి అక్షరాల దగ్గర నాలుక తడబడేది. అటువంటివాడు సాధన మీద సాధన చేసి, చివరకు బౌడన్ కాలేజీలో వక్తృత్వమే పాఠంగా చెప్పే ఆచార్యుడయ్యాడు. 1862లో కాలేజీ ఆయనకు యూరప్‌లో భాషలు చదువుకోవడానికి రెండేళ్ల సెలవు మంజూరు చేస్తే, ఆ సెలవుతో ఆయన సైన్యంలో చేరిపోయాడు. గవర్నర్ కల్నల్ పదవే ఇవ్వబోతే, ముందు ఒక మెట్టు కింద ఉండి పని నేర్చుకుంటానని చెప్పి లెఫ్టినెంట్ కల్నల్‌గా ఇరవయ్యో మేన్ రెజిమెంట్‌లో అడుగుపెట్టాడు.

గెటిస్‌బర్గ్‌కు కొద్ది వారాల ముందు జరిగిన ఒక సంగతి నాకు కొండ మీది దాడి కన్నా ముఖ్యమనిపిస్తుంది. రెండో మేన్ రెజిమెంట్‌కు చెందిన నూట ఇరవై మంది దాకా సిపాయిలు, తోటివారి గడువు తీరి ఇళ్లకు వెళ్తుంటే తమను మాత్రం మూడేళ్ల ఒప్పందం పేరుతో ఆపేశారన్న కోపంతో ఆయుధం పట్టబోమని మొండికేశారు. వారిని కాపలా మధ్య చేంబర్లేన్‌కు అప్పగిస్తూ, పని చేయకపోతే కాల్చివేయవచ్చునని కూడా పైనుంచి ఆజ్ఞ ఇచ్చారు. చేంబర్లేన్ మొదట కాపలా తీసివేయించాడు. ఆ తరువాత వారికి తిండి పెట్టించి, వారి ఫిర్యాదు విన్నాడు, అందరినీ ఒకచోట గుంపుగా ఉంచకుండా తన కంపెనీలలో పంచేశాడు. వారిలో దాదాపు అందరూ మళ్లీ తుపాకీ అందుకున్నారు. 1863 జూలై 2న ఆ కొండ ఎడమ అంచున పదిహేనో అలబామా రెజిమెంట్‌ను ఎదుర్కొన్న వరుసలో వారూ ఉన్నారు. ఆ నాటి దాడికి అసలు ఆజ్ఞ ఎలా వెలువడిందన్న దాని మీద ఆయన కింద పనిచేసిన ఎల్లిస్ స్పియరే తరువాతి కాలంలో విభేదించాడు కాబట్టి, ఆ ఘట్టాన్ని ఇక్కడ సాగదీయను.

1864 జూన్ 18న పీటర్స్‌బర్గ్ దగ్గర ఒక తూటా ఆయన కుడి తుంటిలో దూరి, శరీరాన్ని అడ్డంగా చీల్చుకుంటూ ఎడమ తుంటి దాకా పోయింది. తాను కూలడం చూస్తే సిపాయిలు చెదిరిపోతారని, కత్తిని నేలలో గుచ్చి దాని మీద బరువు ఆన్చి, వారు తనను దాటి ముందుకు పోయేదాకా నిలబడే ఉన్నాడు. బతకడని వైద్యులు తేల్చారు. ఉత్తరాది సేనాధిపతి జనరల్ గ్రాంట్ ఆయనకు అక్కడికక్కడే బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చాడు. పత్రికలు మరణవార్త కూడా వేశాయి. ఆయన మాత్రం అదే ఏడాది తిరిగి యుద్ధానికి వచ్చి, 1865 ఏప్రిల్ 12న అపొమాటక్స్‌లో ఓడిన దక్షిణాది సేన ఆయుధాలు అప్పగించే కార్యక్రమాన్ని నడిపించాడు. తలవంచుకుని వస్తున్న ఆ సిపాయిలకు తన బలగం చేత సైనిక మర్యాద చేయించినందుకు ఉత్తరాదిలో కొందరు మండిపడ్డారు.

రాజకీయాల్లోకి ఆయన వచ్చింది ఆ కీర్తి మీదనే. రిపబ్లికన్ అభ్యర్థిగా భారీ ఆధిక్యంతో గెలిచి, 1867 నుంచి 1871 దాకా ఒక్కో ఏడాది చొప్పున నాలుగు దఫాలు గవర్నర్‌గా ఉన్నాడు. మద్యనిషేధాన్ని అమలు చేయడానికి ప్రత్యేక పోలీసు దళం పెట్టడానికి ఒప్పుకోక సొంత పార్టీలోని మద్య వ్యతిరేకులకు దూరమయ్యాడు. చట్టంలో మరణశిక్ష ఉన్నంతకాలం దాన్ని అమలు చేయవలసిందేనని పట్టుబట్టి మరికొందరికి చేదయ్యాడు. ఆ తరువాత బౌడన్ కాలేజీకి అధ్యక్షుడయ్యాడు. ఆ ఏడే బ్రన్స్‌విక్‌లోని తన పాత ఇంటిని ఉన్నదున్నట్టుగా పైకి లేపించి, దాని కింద కొత్త అంతస్తు కట్టించాడు. ఇల్లు మాట విన్నట్టు కుర్రకారు వినలేదు: కాలేజీలో ప్రవేశపెట్టిన సైనిక కవాతుకు 1874లో విద్యార్థులు ఎదురుతిరిగారు, చివరకు ఆ కవాతే ఎత్తివేయవలసి వచ్చింది.

ఇక అగస్టా. అప్పటి మేన్ చట్టం ప్రకారం గవర్నర్ అభ్యర్థికి సగానికి మించి ఓట్లు రాకపోతే ఎంపిక శాసనసభ చేతికి పోతుంది. 1879 సెప్టెంబరు ఎన్నికల్లో ఎవరికీ అలా రాలేదు కాబట్టి, సభలో మెజారిటీ ఎవరిదన్నదే సమస్త వ్యవహారం అయింది. డెమోక్రాటిక్ గవర్నర్ గార్సిలాన్, ఆయన కౌన్సిల్, ఊళ్ల నుంచి వచ్చిన ఫలితాల కాగితాలు వడబోసి, పేరుకు బదులు పొడి అక్షరాలున్నాయని, సంతకం సరిగా లేదని వంకలు పెట్టి గెలిచిన రిపబ్లికన్లను పక్కకు నెట్టారు. ఆ స్థానాలు డెమోక్రాట్లకు, వారితో జత కట్టిన గ్రీన్‌బ్యాక్ పార్టీకి పోయాయి. రెండు వైపులా ఆయుధాలు పట్టిన మనుషులు రాజధానికి చేరారు. పదవీకాలం ముగుస్తున్న గార్సిలాన్, కొత్త గవర్నర్ వచ్చేదాకా ప్రభుత్వ ఆస్తులను కాపాడమని రాష్ట్ర మిలీషియాకు (రాష్ట్రపు సొంత పౌర సైన్యానికి) మేజర్ జనరల్‌గా ఉన్న చేంబర్లేన్‌కు ఆజ్ఞ ఇచ్చాడు.

ఆయన చేసిన మొదటి పని శాసనసభ భవనంలోని సాయుధుల్ని బయటికి పంపేసి, ఊరి పోలీసులతో సరిపెట్టుకోవడం. మిలీషియాను దింపమని బ్లెయిన్ వంటి సొంత పార్టీ పెద్దలు ఒత్తిడి తెచ్చినా దింపలేదు. తమనే గవర్నర్‌గా గుర్తించమన్న అవతలివారికీ లొంగలేదు. ఎవరు సభ్యులో తేల్చవలసింది రాష్ట్ర సుప్రీంకోర్టే, తాను కాదు అన్నదొక్కటే ఆయన జవాబు. చంపుతామని, ఎత్తుకుపోతామని బెదిరింపులు వచ్చాయి. ఒకరోజు ఒక గుంపు భవనంలోకి చొచ్చుకువస్తే, ఆయన వారి ఎదుట మెట్టెక్కి నిలబడి, చంపదలచుకుంటే చంపండంటూ కోటు విప్పి ఛాతీ చూపాడు. గుంపులోంచి ఒక పాత సిపాయి ముందుకు దూసుకువచ్చి, ఆయన మీద చేయి వేసినవాడిని నేను చంపుతానన్నాడు. గుంపు కరిగిపోయింది.

జనవరి మధ్యలో కోర్టు రిపబ్లికన్ల వైపు తీర్పు చెప్పింది, డేనియల్ డేవిస్ గవర్నరయ్యాడు, చేంబర్లేన్ బాధ్యత అప్పగించి ఇంటికి వెళ్లిపోయాడు. తీర్పు తమ పక్షానే వచ్చినా, అడిగినప్పుడు బలగం దింపని మనిషి మీద పార్టీ పెద్దలకు గురి కుదరలేదు. 1881లో మేన్‌కు దక్కవలసిన సెనేట్ స్థానాలు రెండూ ఆయనకు కాకుండా పార్టీలోని హేల్‌కు, ఫ్రైకు పోయాయి. గెటిస్‌బర్గ్‌కు గాను అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ 1893లో, ముప్పై ఏళ్ల తరువాత వచ్చింది. 1900లో ఆయనకు దొరికిన ప్రభుత్వ ఉద్యోగం పోర్ట్‌లాండ్ ఓడరేవు సర్వేయర్ అనే కస్టమ్స్ శాఖ పదవి. పీటర్స్‌బర్గ్ గాయం పూర్తిగా ఎప్పుడూ మానలేదు. శస్త్రచికిత్సలు చేయించుకుంటూ, జ్వరాలు పడుతూ దానితోనే కాలం వెళ్లదీసి, 1914 ఫిబ్రవరి 24న, ఎనభై అయిదేళ్ల వయసులో, ఆ గాయం తిరగబెట్టడం వల్లనే పోర్ట్‌లాండ్‌లో కన్నుమూశాడు.