పొగకే పెద్ద గది ఇచ్చిన ఇల్లు

ఇంగ్లండ్‌లోని చిచెస్టర్ దాకా రైలు టికెట్టుకే చేతిలోని డబ్బులో సగం హరించుకుపోయింది కాబట్టి, అక్కడ 60వ నంబరు బస్సు ఎక్కేటప్పటికి ఏ పాత ఇల్లూ ఇంత ఖర్చుకు తగదన్న చిరాకుతో ఉన్నాను. పాత ఇళ్లను విప్పి తెచ్చి ఆరుబయట తిరిగి నిలబెట్టిన సింగిల్టన్‌లోని వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియంలో చూడదగ్గ కట్టడాలు చాలానే ఉన్నా, నా మధ్యాహ్నమంతా బేలీఫ్ అని పిలిచే ఒక రైతు ఇంటి దగ్గరే గడిచిపోయింది.

ఇంటి రెండు చివరలా పై అంతస్తులు కింది గోడలను దాటి ముందుకు పొడుచుకువచ్చి ఉంటాయి, నడిమి భాగం వెనక్కి ఒదిగి ఉంటుంది. అయినా మొత్తానికీ ఒకే పెంకుల కప్పు. ఒదిగిన చోట చూరును వంపు తిరిగిన ఓక్ కొయ్యలు మోస్తాయి. కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో కాస్త స్థితిమంతులైన రైతులు 15వ శతాబ్దంలో ఇలా కట్టుకునేవారు.

లోపల అడుగుపెట్టగానే కళ్లు మండాయి. హాలు నడుమ నేల మీదే మంట రగులుతోంది, పొగగొట్టం లేదు, తలెత్తితే నేరుగా మసిబారిన వాసాలే కనిపిస్తాయి. ఇంట్లోకెల్లా పెద్ద గదిని కప్పు దాకా ఖాళీగా వదిలి పొగకు అప్పగించడం మొదట తెలివితక్కువగా తోచింది. బల్ల దగ్గర కూర్చున్నాక గానీ అసలు సంగతి అర్థం కాలేదు: పొగ తల మీదుగా తేలి, నెమ్మదిగా పెంకుల సందుల్లోంచి జారుకుంటోంది, కూర్చున్నవారికి గాలి బాగానే ఆడుతోంది. కిటికీలకు అద్దాలు లేవు, నిలువు ఓక్ కడ్డీలూ చెక్క తలుపులూ మాత్రమే. గాలి కొట్టేవైపు మూసి, అవతలివైపు తెరిస్తే మంట సర్దుకుంటుందని అక్కడ కట్టెలు ఎగదోస్తున్న పెద్దావిడ చెప్పారు.

గోడలు నిజానికి బరువు మోయవు. బరువంతా ఓక్ చట్రానిదే. నడుమ ఖాళీలను తడికలు అల్లి, మట్టి మెత్తి పూడ్చారు. పచ్చి ఓక్ దుంగలను చెక్కి, ఒకదాని కుసిని మరొకదాని గాడిలో దూర్చి, చెక్క మేకులు దిగగొట్టేవారు. వడ్రంగులు ఇలాంటి చట్రాన్ని తమ ఆవరణలోనే ఒకసారి కూర్చి, కొయ్య కొయ్యకూ గుర్తులు గీసి, విప్పి బండ్ల మీద తెచ్చి మళ్లీ నిలబెట్టేవారట. ఆ లెక్కన విప్పడం ఈ ఇంటికి కొత్త కాదు. కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ దగ్గర బౌ బీచ్ జలాశయం వచ్చినప్పుడు, 1960ల చివర్లో దీన్ని ఊడదీసి, 1972లో ఇక్కడ తిరిగి నిలిపారు.

శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించిన సంగతి అక్కడే గుర్తుకొచ్చింది. మనం దేవుడి ఇంటిని కాపాడుకున్నాం, మంచిదే. కానీ అదే నీటిలో పోయిన రైతుల మట్టిమిద్దెల్లో ఒక్కదాన్నయినా ఇలా విప్పి దాచాలని ఎవరికీ తోచినట్టు లేదు. వాటిలో ఏ దూలం ఏ దూలాన్ని పట్టుకునేదో ఇప్పుడు ఎవరిని అడగాలి?

మేడ మీది యజమాని గది ఉన్న చివరి భాగం 16వ శతాబ్దం మొదట్లో చేర్చింది. ఆ గదికి ఆనుకుని, గోడ బయటికి వేలాడే మరుగుదొడ్డి ఉంది. కింద గుంట తప్ప మరేమీ లేదు. పై గదిలో దర్జాగా పడుకున్న యజమాని, కింద నడిచేవాళ్ల గురించి పెద్దగా బెంగపడినట్టు లేదు.